పాత జాంబీ గేమ్ రుచి చూడాలంటే ఏ రెసిడెంట్ ఈవిల్‌తో మొదలుపెట్టాలి?

రెసిడెంట్ ఈవిల్ ఆడాలని ఉంటుంది, తీరా స్టోర్ తెరిస్తే అదే పేరుతో బోలెడు కనిపిస్తాయి. ఒకటో భాగం రెండు రకాలు, రెండో భాగం రెండు రకాలు, ఒకరు రీమేక్ ఆడమంటారు, ఇంకొకరు ఒరిజినల్ ఆడకపోతే దండగ అంటారు, చివరికి ఏదీ కొనకుండా స్టోర్ మూసేస్తారు. అలా ఆగిపోయిన వాళ్ల కోసమే ఇది.

సిరీస్ మొత్తం ఇక్కడ పెట్టను. జాంబీలు, తాళాలు, చాలీచాలని తూటాలు, ఈ మూడూ నిజంగా ఉన్న నాలుగే తీసుకున్నాను: 1996 నాటి మొదటి గేమ్, దాన్నే 2002లో కొత్తగా కట్టిన రీమేక్ (ఇప్పుడు దొరికేది దాని హెచ్‌డీ రూపం), 1998 నాటి రెండో భాగం, 2019లో వచ్చిన దాని రీమేక్. నాలుగో భాగం ఏదని అడుగుతారు, తెలుసు. 2005లో వచ్చిన ఆ గేమ్ గొప్పదే, కానీ అందులో మీద పడేది జాంబీలు కాదు, పరాన్నజీవి పట్టిన పల్లెటూరి జనం, పైగా తూటాలకు అంత కరువు ఉండదు. అది వేరే సరదా. మూడో భాగమంటారా, రెండోది నచ్చినవాళ్లు ఎవరూ చెప్పకుండానే దాని దగ్గరికి వెళ్తారు.

సినిమాలు చూసి ఇటు వస్తున్నవాళ్లకు ఒక్క మాట: ఆ సినిమాల్లో హీరోయిన్ ఆలిస్ ఈ గేముల్లో ఎక్కడా లేదు. గాల్లోకి ఎగిరి తన్నడాలు కూడా ఈ నాలుగింటిలో దొరకవు. ఇక్కడ చాలాసార్లు చేసే గొప్ప పని తలుపు తీసి, అవతల మూలుగు వినిపించగానే మళ్లీ వేసేయడం.

అసలు ఇందులో ఏముందని ఇన్నేళ్లుగా ఆడుతున్నారు?

జపాన్‌లో బయోహజార్డ్ పేరుతో 1996 మార్చిలో ప్లేస్టేషన్ మీద వచ్చింది మొదటి గేమ్. తీసింది క్యాప్‌కామ్, దర్శకుడు షింజీ మికామి. అదే కంపెనీ 1989లో నింటెండో వాళ్ల పాత మెషీన్ ఫామికామ్ కోసం చేసిన స్వీట్ హోమ్ అనే దెయ్యాల కొంప గేమ్ దీనికి మూలం. కథ ఒక్క ముక్కలో చెప్పొచ్చు. 1998 జులైలో ర్యాకూన్ సిటీ అనే ఊరి పక్కన ఆర్క్‌లే కొండల్లో వరుస హత్యలు, చూడటానికి వెళ్లిన పోలీసు బృందం గల్లంతు, వాళ్లను వెతుక్కుంటూ వెళ్లిన రెండో బృందాన్ని కుక్కలు తరిమితే పరుగెత్తుకుని ఒక పెద్ద బంగళాలోకి దూరతారు. ఆ బంగళా కింద అంబ్రెల్లా అనే మందుల కంపెనీ ఏం చేస్తోందన్నది మిగతా కథ.

డైనింగ్ రూమ్ దాటి ఇరుకు నడవాలోకి మలుపు తిరగ్గానే ఎవరో వంగి కూర్చుని ఏదో నములుతున్న చప్పుడు వస్తుంది. అది మెల్లగా తల తిప్పి చూస్తుంది. ఈ గేముల గురించి మాట్లాడే ప్రతివాళ్లూ ఆ తల తిప్పడం గురించే చెబుతారు, నిజమే, ఇప్పటికీ బాగుంటుంది. కాకపోతే ఆట అసలు పట్టు దాని తర్వాత ఒక గంటకు మొదలవుతుందని నా లెక్క. అప్పటికి మీ దగ్గర 15 తూటాల పిస్టల్ ఒకటి, గాయాలు మాన్పే ఒక ఆకుపచ్చ మూలిక, ఎక్కడ వాడాలో తెలియని ఒక చిహ్నం, ఒక తాళంచెవి ఉంటాయి. ఎదురుగా నడవాలో జాంబీ ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. దాన్ని పడగొట్టాలంటే అయిదారు తూటాలు పోతాయి, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. పక్క నుంచి తప్పించుకుపోతే తూటాలు మిగులుతాయి కానీ మళ్లీ ఈ దారినే తిరిగి రావాలి, బహుశా నాలుగు సార్లు రావాలి, ప్రతిసారీ అది ఇక్కడే ఉంటుంది. ఇప్పుడు చంపాలా, వదిలేయాలా?

ఆ ప్రశ్నే ఈ గేమ్. జాంబీ దానికి ఒక వంక. నెమ్మదిగా నడుస్తుంది, తెలివి లేదు, ఒక్కటే ఉంటే చిన్నపిల్లాడు కూడా తప్పించుకోగలడు. కానీ ఇరుకు నడవా, ఆరో ఎనిమిదో వస్తువులకు మించి పట్టని జేబు, సేవ్ చేసుకోవడానికి కూడా లెక్కపెట్టి ఇచ్చిన ఇంక్ రిబ్బన్లు, ఇవన్నీ కలిసి ఆ నత్తనడక జీవిని పెద్ద సమస్యగా మార్చేస్తాయి. సేవ్ చేసుకునే టైప్‌రైటర్ కనబడగానే ప్రాణం లేచి వస్తుంది, కానీ ఒక్కో సేవ్‌కు ఒక రిబ్బన్ ఖర్చు, రిబ్బన్ మోయడానికి జేబులో ఒక గడి ఖర్చు. షాట్‌గన్ గోడ మీద వేలాడుతూ కనిపిస్తుంది, తీసుకుని బయటికి వస్తుంటే పక్క గది కప్పు మెల్లగా కిందికి దిగడం మొదలవుతుంది. ఏదీ ఉచితంగా ఇవ్వరు.

అందుకే ఈ నాలుగింటిలో ఏది కావాలని తేల్చుకునేటప్పుడు గ్రాఫిక్స్ కంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న, నాకు ఎలాంటి టెన్షన్ కావాలి అని. లెక్కలు వేసుకునే టెన్షనా, వెంటపడి తరిమే టెన్షనా?

ఏం చూసి తేల్చుకోవాలి

నా దృష్టిలో తేడా తెచ్చేవి ఇవి. కెమెరా మీ చేతిలో ఉంటుందా, గది మూలలో బిగించి ఉంటుందా అన్నది అన్నిటికంటే పెద్దది, చాలామంది మధ్యలో వదిలేసేది దీనివల్లే. తర్వాత పాతకాలపు కంట్రోల్స్. వాటిని ట్యాంక్ కంట్రోల్స్ అంటారు: కెమెరా ఎటు చూస్తున్నా సరే, పైకి నొక్కితే మీ పాత్ర తన ముఖం ఎటుంటే అటు నడుస్తుంది, పక్కలకు నొక్కితే నిలబడ్డ చోటే తిరుగుతుంది. ఆ తర్వాత సేవ్ పద్ధతి, తూటాల కొరత, మీ దగ్గరున్న మెషీన్. భాష సంగతి కూడా చూసుకోవాలి, నాలుగింటిలో దేనికీ తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, డైరీలూ ఫైళ్లూ ఇంగ్లిష్‌లో చదువుకోవాలి. చదవకపోతే పజిళ్లు తేలవు. ఆ ఇంగ్లిష్ కష్టమైనదేమీ కాదు, పైగా ఫైల్ తెరిచి ఉన్నంతసేపు ఆట ఆగి ఉంటుంది, తీరిగ్గా చదువుకోవచ్చు.

| | 1996 మొదటిది | 2002 రీమేక్ (హెచ్‌డీ, 2015) | 1998 రెండోది | 2019 రీమేక్ |
|---|---|---|---|---|
| కెమెరా | బిగించినది | బిగించినది | బిగించినది | భుజం వెనక నుంచి |
| కంట్రోల్స్ | ట్యాంక్ | ట్యాంక్ లేదా కొత్త పద్ధతి | ట్యాంక్ | ఇప్పటి గేముల్లాగే |
| సేవ్ | ఇంక్ రిబ్బన్ | ఇంక్ రిబ్బన్ | ఇంక్ రిబ్బన్ | స్టాండర్డ్ స్థాయిలో ఆటో సేవ్ కూడా, హార్డ్‌కోర్‌లో రిబ్బన్ |
| తూటాల కొరత | ఎక్కువ | చాలా ఎక్కువ | తక్కువ | మధ్యస్థం |
| టెన్షన్ తీరు | తెలియని నడవాలు | ముందుచూపు, లెక్కలు | వేగం, కథ | వెంటాడే అడుగుల చప్పుడు |
| కంప్యూటర్ | ఏదైనా చాలు | మామూలు ల్యాప్‌టాప్ చాలు | ఏదైనా చాలు | 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు |

పట్టిక చూసి వెంటనే కొనేయకండి, అసలు తేడాలు గడుల్లో పట్టవు.

1996 మొదటి గేమ్: చూసి నవ్వుకుంటారు, తర్వాత నవ్వు ఆగిపోతుంది

మొదలవ్వగానే నిజం మనుషులతో తీసిన వీడియో వస్తుంది, కాలేజీ వార్షికోత్సవంలో నాటకంలా ఉంటుంది నటన. డైలాగులు ఇంకా ఘోరం. మీరు ఆడగల రెండు పాత్రల్లో ఒకరు జిల్, ఇంకొకరు క్రిస్. కప్పు కింద నలిగిపోబోయిన జిల్‌ను కాపాడి బారీ అనే పెద్దమనిషి కొంచెం ఉంటే జిల్ శాండ్‌విచ్ అయిపోయేదానివి అంటాడు, ఆ మాట ఇన్నేళ్లయినా గేమర్ల నోళ్లలో నానుతూనే ఉంది. ఇంత చెత్త డైలాగులున్న గేమ్ భయపెడుతుందా అంటే, పెడుతుంది. మాటలు ఆగి మీరొక్కరే మిగిలినప్పుడు బంగళా చాలా నిశ్శబ్దంగా ఉంటుంది, చెక్క మీద మీ అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు.

తలుపుల సంగతి చెప్పాలి. గది మారిన ప్రతిసారీ చీకట్లో ఒక తలుపు మెల్లగా తెరుచుకునే దృశ్యం వస్తుంది. నిజానికి సీడీ నుంచి తర్వాతి గది లోడ్ అయ్యేదాకా మనల్ని ఆపడానికి పెట్టింది అది. కానీ సగం చచ్చిన ప్రాణంతో, చేతిలో రెండు తూటాలతో ఆ తలుపు తెరుచుకోవడం కోసం ఎదురుచూస్తుంటే, అది సాంకేతిక అవసరం అన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది. ఇప్పటి వేగవంతమైన డిస్కుల్లో ఆ అవసరమే లేదు, అయినా ఆ తలుపులు తీసేస్తే ఆటలో ఏదో తగ్గినట్టే ఉంటుంది.

ఇంకో చోటుంది. బంగళా వదిలి వెనక ఉన్న గార్డుల ఇంటిదాకా వెళ్లి, అక్కడి పనులు ముగించుకుని మళ్లీ బంగళాలోకి వస్తారు. అప్పటికి ఇల్లంతా మీకు కొట్టినపిండి, ఎక్కడ ఏ జాంబీ పడి ఉందో తెలుసు. సరిగ్గా అప్పుడు తెర మీద మీరు వచ్చిన దారినే ఏదో పరుగెత్తుకుంటూ వస్తున్న దృశ్యం దాని కళ్లతోనే చూపిస్తారు, అది మీ వెనక తలుపు దగ్గరికి వచ్చి తలుపు తెరుస్తుంది. హంటర్ అంటారు దాన్ని. అప్పటిదాకా తలుపులు తెరవడం మన ఒక్కరి హక్కు అనుకుంటాం కదా. ఆ ఒక్క దృశ్యంతో తెలిసిన ఇల్లు మళ్లీ తెలియని ఇల్లు అయిపోతుంది.

దీని తక్కువలు దాచను. తూటా ఎటు పోతోందో తెలియదు, మీ పాత్ర గోడకు గుద్దుకుంటూ తిరుగుతుంది, జిల్‌కు 8 గడులు, క్రిస్‌కు 6 అన్న జేబులో సగం తాళంచెవులే ఉంటాయి, సామాను దాచుకునే పెట్టెకూ గదికీ మధ్య తిరగడం విసుగే. అప్పట్లో అమెరికా వెర్షన్‌లో దానంతట అదే గురిపెట్టే వీలు తీసేసి ఇంకా కష్టం చేశారు, 1997లో మార్పులతో మళ్లీ వచ్చిన డైరెక్టర్స్ కట్‌లో మళ్లీ పెట్టారు. కంప్యూటర్ మీద ఆడాలంటే 2024లో జీఓజీ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో వచ్చిన వెర్షన్ ఇప్పటి విండోస్‌లో గొడవ లేకుండా నడుస్తుంది, పాత మెషీన్లను అనుకరించే ఎమ్యులేటర్లతో కుస్తీ పట్టక్కర్లేదు.

ఎవరికి? ఏ ఆట ఎక్కడ మొదలైందో చూడాలన్న కుతూహలం ఉన్నవాళ్లకు. చిన్నప్పుడు ఎవరి ఇంట్లోనో ఆడుతుంటే చూసి భయపడి, తాము ఎప్పుడూ ఆడని వాళ్లకు. మిగతావాళ్లు దీన్ని రెండోసారికి ఉంచుకోండి.

2002 రీమేక్, హెచ్‌డీలో: నా ఓటు దీనికే

అదే బంగళా, అదే దర్శకుడు, కానీ పాతది ఆడినవాళ్లను పనిగట్టుకుని బోల్తా కొట్టించేలా మార్చారు. పాత గేమ్‌లో ఒక నడవాలో నడుస్తుంటే కిటికీ బద్దలుకొట్టుకుని కుక్కలు దూకుతాయి, దాన్ని ఎవరూ మర్చిపోరు. రీమేక్‌లో అదే నడవాలోకి గుండె చిక్కబట్టుకుని వెళ్తే కిటికీ అద్దం కాస్త పగులుతుంది, అంతే. ఏమీ దూకదు. హమ్మయ్య అనుకుని మర్చిపోయాక, ఇంకోసారి అటు వచ్చినప్పుడు దూకుతాయి.

కానీ దీన్ని మిగతా మూడింటి కంటే పైన పెట్టించేది క్రిమ్సన్ హెడ్. మీరు చంపిన జాంబీ శవాన్ని అలాగే వదిలేస్తే కొంతసేపటికి అది మళ్లీ లేస్తుంది, ఎర్రటి తలతో, పొడవాటి గోళ్లతో, ఈసారి పరుగెత్తుతూ. ఆపాలంటే తల తెగిపోయేలా కాల్చాలి, అది షాట్‌గన్‌తో దగ్గర్నుంచి కాలిస్తే కుదురుతుంది, లేదా శవం మీద కిరోసిన్ పోసి తగలబెట్టాలి. కిరోసిన్ బంగళాలో అక్కడక్కడ ఉన్న డబ్బాల్లోంచి పట్టుకోవాలి, అదీ లెక్కగానే ఉంటుంది, మీ దగ్గరున్న సీసాలో రెండుసార్లకు సరిపడా మాత్రమే పడుతుంది. క్రిస్‌కు లైటర్ జేబు గడితో పనిలేకుండా ఎప్పుడూ దగ్గరే ఉంటుంది, జిల్ అయితే లైటర్‌కూ సీసాకూ కలిపి రెండు గడులు ఇచ్చుకోవాలి.

ఇప్పుడు పైన అడిగిన ప్రశ్న మళ్లీ వేసుకోండి: నడవాలో జాంబీ ఉంది, చంపాలా వద్దా? పాత గేమ్‌లో చంపితే తూటాలు పోయేవి, ఆ జాంబీ మాత్రం మళ్లీ లేచేది కాదు. ఇక్కడ చంపితే తూటాలు పోతాయి, కాల్చడానికి కిరోసిన్ లేకపోతే కొన్నాళ్లకు దారిలో అంతకంటే పెద్ద ముప్పు తయారవుతుంది. చంపకపోతే రోజూ దాన్ని తప్పించుకుంటూ తిరగాలి. బతికుంటే బలుసాకు తినొచ్చని పక్కనుంచి జారుకోవడమే చాలాసార్లు మంచి పని. ఏ నడవాలో ఎన్నిసార్లు తిరగాల్సి వస్తుంది, ఏ శవం మెట్ల దగ్గర పడింది, ఏది మూలన పడింది అని మనసులో ఒక పటం గీసుకుంటూ ఆడతారు. తొందరపడి కాల్చేసిన తప్పుకు శిక్ష వెంటనే పడదు, గంటన్నర తర్వాత వడ్డీతో సహా పడుతుంది. ఈ నాలుగింటిలో మనిషి చేత ఇంత ఆలోచింపజేసేది ఇదొక్కటే.

లీసా ట్రెవర్ అనే పాత్ర కూడా ఇందులోనే ఉంది, మొదటి గేమ్‌లో లేదు. ఆ బంగళా కట్టిన ఆర్కిటెక్ట్ కూతురు, అంబ్రెల్లా వాళ్ల ప్రయోగాలకు బలైన పిల్ల. గొలుసులు ఈడ్చుకుంటూ మూలుగుతూ వస్తుంది, తూటాలకు చావదు. భయం కంటే జాలి ఎక్కువ వేస్తుంది, ఆమె రాసిన ఉత్తరం చదివాక మరీను.

హెచ్‌డీలో కొత్త కంట్రోల్స్ ఇచ్చారు, కంట్రోలర్ మీది కర్ర ఎటు నెడితే తెర మీద అటే నడుస్తారు. కొత్తవాళ్లు వాటితోనే మొదలుపెట్టండి. ట్యాంక్ కంట్రోల్స్‌తోనే ఆడాలి, లేకపోతే పాపం అనేవాళ్లు ఉంటారు, పట్టించుకోకండి. నిజానికి కెమెరా మారినప్పుడల్లా దిక్కులు తారుమారు కాకుండా ఉండటానికి ట్యాంక్ పద్ధతే మేలు, అలవాటయ్యాక మీరే అటు మారొచ్చు. జాంబీ చేతికి దొరికినప్పుడు పొడిచి తప్పించుకోవడానికి బాకుల్లాంటివి ఉన్నాయి, వెరీ ఈజీ స్థాయి కూడా కలిపారు. గీసిన బొమ్మల మీద పాత్రలు నడిచే పద్ధతి కాబట్టి పాత ల్యాప్‌టాప్‌లో కూడా చక్కగా నడుస్తుంది, పైగా ఆ బొమ్మలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మొదటిసారి పూర్తి చేయడానికి 10 నుంచి 12 గంటలు పట్టొచ్చు.

తక్కువలు? కెమెరా అంతే, మూలలో బిగించి ఉంటుంది. మలుపు అవతల మూలుగు వినిపిస్తుంది, మనిషి కనిపించడు, కెమెరా తిప్పుదామంటే కుదరదు. అది కొందరికి భయం, కొందరికి చిరాకు. మీరు రెండో రకమైతే దీని మీద డబ్బు పెట్టకండి, కింద ఉన్న 2019 దాకా వెళ్లిపోండి.

1998 రెండో భాగం: సరదా ఎక్కువ, భయం కాస్త తక్కువ

దీని గురించి క్లుప్తంగానే చెబుతాను, బాగోలేక కాదు, దీన్ని ఎంచుకోవాల్సిన వాళ్లు తక్కువ కాబట్టి. దర్శకుడు హిదెకి కమియా. చాలావరకు తయారైపోయిన మొదటి రూపాన్ని పక్కన పడేసి మళ్లీ మొదట్నుంచి చేశారు, ఆ పడేసినదాన్ని అభిమానులు 1.5 అని పిలుచుకుంటారు. ఈసారి ర్యాకూన్ సిటీ ఊరు ఊరంతా జాంబీలే. కొత్త పోలీసు లియోన్, అన్నను వెతుక్కుంటూ వచ్చిన క్లెయిర్, ఒకప్పుడు మ్యూజియంగా ఉన్న పోలీసు స్టేషన్. తూటాలు మొదటిదాని కంటే ధారాళంగా ఇస్తారు, దెబ్బ తగిలితే పాత్ర కడుపు పట్టుకుని కుంటుతుంది, ఒంట్లో ప్రాణం ఎంతుందో చూడటానికి మెనూ తెరవక్కర్లేదు.

దీనికి ప్రత్యేకం ఏ, బీ కథలు. ఒకరితో ఏ పూర్తి చేస్తే, అదే రాత్రి రెండోవాళ్లు ఏం చేశారో బీలో ఆడతారు. ఆయుధాల గదిలో మెషీన్ గన్, జేబు పెంచే సంచి ఉంటాయి. మొదటివాళ్లతో రెండూ తీసేసుకుంటే రెండోవాళ్లకు గది ఖాళీగా కనిపిస్తుంది. తూటాలు మిగుల్చుకోవడం సరే, ఇంకా మొదలుపెట్టని ఆట కోసం తుపాకీ వదిలేసి వెళ్లడం ఎంతమందికి చేతనవుతుంది? ఈ ఆలోచన 2019లో సరిగ్గా రాలేదు, ఆ సంగతికి వస్తాను. రెండు సీడీల గేమ్‌ను 1999లో నింటెండో 64 కోసం 64 ఎంబీ క్యాట్రిడ్జ్‌లో, వీడియోలతో సహా, కుక్కేశారు. ఇప్పటి గేముల అప్‌డేట్లు చూస్తుంటే ఆ పనిమంతులకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఇదీ 2024లో జీఓజీలో వచ్చింది. 2002 రీమేక్ పూర్తి చేసి, బిగించిన కెమెరా నచ్చి, ఇంకా కావాలనిపిస్తే అప్పుడు దీని దగ్గరికి రండి.

2019 రీమేక్: కొత్తవాళ్లకు తలుపు ఇదే

ఇప్పటి గేముల అలవాటున్నవాళ్లు ఎవరైనా నేరుగా కూర్చుని ఆడగలిగేది ఇది. కెమెరా భుజం వెనక, గురి మీ చేతిలో. కోటి కాపీలకు పైగా అమ్ముడైంది, ఆశ్చర్యం లేదు. గురి చేతిలో ఉంటే భయం పోతుందేమో అనుకుంటాం, ఆ సంగతి క్యాప్‌కామ్ వాళ్లకు తెలుసు, అందుకే జాంబీని గురికి అందకుండా చేశారు. తల ఊగుతూ వస్తుంది, తలలో మూడు నాలుగు తూటాలు దింపితే పడుతుంది, చచ్చిందనుకుని పక్కనుంచి వెళ్తుంటే కాలు పట్టుకుంటుంది. కాళ్లకు గురిపెట్టి కాలు ఊడగొడితే పాకుతూ వస్తుంది, చాలాసార్లు అది చాలు, తప్పించుకోవచ్చు. కిటికీలకు చెక్కలు కొట్టి బయటి జాంబీలు లోపలికి రాకుండా ఆపొచ్చు, కానీ చెక్కలు తక్కువ, కిటికీలు ఎక్కువ.

సగం స్టేషన్ అలవాటయ్యాక మిస్టర్ ఎక్స్ దిగుతాడు. కోటు, టోపీ, ఆజానుబాహువు, దారికి అడ్డంగా పడిన హెలికాప్టర్‌ను చేత్తో పైకెత్తి పక్కకు నెట్టి వస్తాడు. చంపలేరు. ఎంత కాల్చినా కాసేపు మోకరిల్లి మళ్లీ లేస్తాడు. భవనంలో ఎక్కడున్నా బూట్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, పై అంతస్తులోనా, పక్క గదిలోనా, దగ్గరికి వస్తున్నాడా, పోతున్నాడా. మెయిన్ హాల్లో టైప్‌రైటర్ ఉంది కదా అక్కడికి రాడేమో అనుకుంటే, వస్తాడు. లిక్కర్ అనే జీవికి కళ్లు కనిపించవు, చప్పుడు మాత్రం బాగా వింటుంది, అది ఉన్న నడవాలో అడుగులో అడుగు వేసుకుంటూ నడవాలి. వెనక మిస్టర్ ఎక్స్ వస్తుంటే నడవలేరు, పరుగెత్తితే లిక్కర్ దూకుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఈ ఒక్క అమరిక కోసమైనా ఆడొచ్చు.

గమనించారా, ఇక్కడ టెన్షన్ వేరే రకం. 2002లో కూర్చుని ఆలోచించుకోవడానికి టైమ్ ఇస్తారు, ఆలోచించే కొద్దీ భయం వేస్తుంది. 2019లో ఆలోచించుకునే టైమే ఇవ్వరు. పజిల్ ముందు నిలబడి చిహ్నాలు తిప్పుతుంటే బూట్ల చప్పుడు దగ్గరవుతుంది. గుండె దడ ఎక్కువ ఉన్నవాళ్లు రాత్రిపూట ఆడకండి, సరదాకి అనడం లేదు.

నాకు నచ్చనిది రెండో విడత. లియోన్‌తో ముగించాక క్లెయిర్‌తో రెండోసారి ఆడితే కథ కొత్తగా అల్లుకోవాలి కదా, చాలాచోట్ల అవే పజిళ్లు, అవే పెద్ద రాక్షసులు, ఒకే రాక్షసుణ్ని ఇద్దరూ విడివిడిగా చంపినట్టు ఉంటుంది. పాతదాంట్లో ఒకరు తీసుకున్నది రెండోవాళ్లకు ఉండదు, ఆ అల్లిక ఇక్కడ తెగిపోయింది. ఒక పాత్రతో ముగించడానికి 8, 9 గంటలు, అక్కడితో ఆపినా నష్టం లేదంటాను, అభిమానులు ఒప్పుకోరు.

స్థాయి ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. అసిస్టెడ్‌లో ఒంట్లో ప్రాణం దానంతట అదే కొంత తిరిగి వస్తుంది, గురి కూడా సాయం చేస్తుంది. స్టాండర్డ్ చాలామందికి సరిపోతుంది. హార్డ్‌కోర్‌లో ఇంక్ రిబ్బన్లు తిరిగొస్తాయి, ఆటో సేవ్ పోతుంది, పాత గేముల పొదుపు అక్కడే దొరుకుతుంది కానీ మొదటిసారే అటు పోకండి.

మరి మీకేది?

ఇంతవరకూ హారర్ గేమ్ ఆడనివాళ్లు, ఆఫీసు అయ్యాక రాత్రి గంటసేపు దొరికేవాళ్లు 2019 స్టాండర్డ్ తీసుకోండి. రిబ్బన్ వెతుక్కుంటూ ముప్పావుగంట ఆట పోగొట్టుకునే ఓపిక మీకు ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. కానీ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు లేకపోతే దీన్ని మర్చిపోండి, కాలేజీ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు 2002 హెచ్‌డీ తప్ప వేరే మాట లేదు.

చదరంగం, పజిళ్లు, సరుకు లెక్కపెట్టుకుని బతికే ఆటలు ఇష్టపడేవాళ్లు, భయం అంతగా నచ్చకపోయినా, 2002 దగ్గరికే రండి. ఇది భయం వేషం వేసుకున్న లెక్కల ఆట. ఇద్దరు కూర్చుని, ఒకరు ఆడుతూ ఇంకొకరు పటం చూసి దారి చెప్పడానికి కూడా ఇదే బాగుంటుంది. అక్కాతమ్ముళ్లు, భార్యాభర్తలు కలిసి ఆడితే కిరోసిన్ ఎక్కడ పోయాలన్న దాని మీద మంచి గొడవలు అవుతాయి.

పిల్లలకు కొనాలనుకునేవాళ్లకు మాత్రం నాలుగూ వద్దనే చెబుతాను. పాత గ్రాఫిక్స్ కదా అని 1996ది కూడా ఇవ్వకండి, అన్నిటిలోనూ నెత్తురు, తెగిన తలలు ఉన్నాయి, 2019లో అయితే పేగులు కూడా కనిపిస్తాయి.

రెండూ ఆడే ఉద్దేశం ఉంటే వరుస కూడా ముఖ్యమే. 2019 ముందు ఆడి 2002కు వస్తే కెమెరా మొదటి గంట చికాకు పెడుతుంది, తర్వాత సర్దుకుంటుంది. 2002 ముందు ఆడితే కథ వరుసలో వస్తుంది, ఊరు ఎందుకు అలా అయిందో తెలిసి అడుగు పెడతారు. నేనైతే రెండో వరుసే చెబుతాను. 1996, 1998లు ఆ తర్వాత, తీరిక ఉంటేనే.

2002 తీసుకున్నవాళ్లు మొదటిసారి జిల్‌తోనే ఆడండి. గడులు ఎక్కువ, తాళాలు తెరిచే పనిముట్టు ఉంటుంది, బారీ మధ్యమధ్య సాయానికి వస్తాడు. క్రిస్ గట్టివాడే కానీ 6 గడులతో బంగళా మొత్తం తిరగడం ఇల్లు తెలిసినవాళ్ల పని. మూలికలు కనపడ్డ చోటల్లా ఏరుకోకండి, అవి ఎక్కడికీ పోవు, ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకుని అవసరమైనప్పుడు వచ్చి తీసుకోండి, జేబు ఖాళీగా ఉంటుంది. ఆకుపచ్చదాన్ని ఎర్రదానితో కలిపితే పూర్తిగా కోలుకుంటారు, కాబట్టి ఎర్రది దొరికేదాకా ఆకుపచ్చది ఒకటి పెట్టెలో ఉంచండి. కిరోసిన్ మెయిన్ హాల్ చుట్టుపక్కల మీరు రోజూ తిరిగే నడవాల్లోనే వాడండి, ఒకసారి తప్ప పోని మూల గదుల్లో శవాలను వాటి మానాన వదిలేయండి. ధర గురించి తొందర వద్దు, హెచ్‌డీ, 2019 రెండూ స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్ సేల్స్‌లో తరచూ బాగా తగ్గుతాయి, విష్‌లిస్ట్‌లో పెట్టుకుని ఆగండి. ఆడేది ఏదైనా హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, బిగించిన కెమెరా గేముల్లో మలుపు అవతల ఏముందో కళ్లకంటే ముందు చెవులకే తెలుస్తుంది.